ఫైబర్ ఛానెల్ డ్రైవర్‌లో సెషన్ బగ్‌లను పట్టుకుని సరిచేయడం: సమగ్ర మార్గదర్శి

స్టోరేజ్ కంట్రోలర్‌ను మెయింటెనెన్స్ కోసం రీస్టార్ట్ చేస్తారు. ఫైబర్ ఛానెల్ (సర్వర్లను స్టోరేజ్‌తో కలిపే నెట్‌వర్క్) మీదుగా సర్వర్‌కు ఉన్న నాలుగు దారుల్లో రెండు తెగుతాయి, మిగిలిన రెండింటి మీద పని నడుస్తూనే ఉంటుంది. అంతవరకూ అంతా అనుకున్నట్టే. కంట్రోలర్ మళ్లీ లేచాక తెగిన దారుల్లో ఒకటి వెంటనే తిరిగివస్తుంది, రెండోది మాత్రం ఎంతసేపు చూసినా రాదు. స్విచ్‌లో చూస్తే పోర్టు లాగిన్ అయ్యే ఉంటుంది, కేబుల్‌లో లోపం కనిపించదు, స్టోరేజ్ బృందం తమ వైపు అంతా సవ్యంగానే ఉందంటుంది. సర్వర్‌ను రీబూట్ చేస్తే దారి వచ్చేస్తుంది కాబట్టి టికెట్ మూసేస్తారు. తరువాతి మెయింటెనెన్స్‌లో అదే కథ మళ్లీ మొదలవుతుంది. రీబూట్‌తో మాయమై, మెయింటెనెన్స్‌తో తిరిగివచ్చే లోపం కనిపించినప్పుడు ముందుగా అనుమానించవలసింది డ్రైవర్ తన సెషన్ల లెక్కను నిర్వహించే తీరునే.

ఈ మార్గదర్శికి ఆధారం లినక్స్ కెర్నెల్‌లోని క్యూఎల్ఏ2ఎక్స్‌ఎక్స్‌ఎక్స్ డ్రైవర్. క్యూలాజిక్ సంస్థ మొదలుపెట్టిన ఈ డ్రైవర్, ఆ సంస్థ 2016లో కేవియం చేతికీ, కేవియం 2018లో మార్వెల్ చేతికీ వెళ్లడంతో ఇప్పుడు మార్వెల్ నిర్వహణలో ఉంది. దీన్ని ఎంచుకోవడానికి కారణం ఇది ఇనీషియేటర్‌గానూ (కమాండ్లు పంపే వైపు) టార్గెట్‌గానూ (వాటిని అందుకునే స్టోరేజ్ వైపు) పనిచేసే డ్రైవర్ కావడమే. సెషన్ నిర్వహణలో రాగల చిక్కుముడులు ఇంత వివరంగా కనిపించే సోర్స్ మరొకటి నాకు తెలియదు. ఎమ్యులెక్స్ కార్డుల డ్రైవర్ మీదో, ఐస్కజీ (మామూలు ఐపీ నెట్‌వర్క్ మీద స్టోరేజ్) డ్రైవర్ మీదో పనిచేసేవారికి పేర్లు మారతాయి తప్ప పద్ధతి మారదు. ఫంక్షన్ల పేర్లను, ఫీల్డుల పేర్లను ఇక్కడ పలికే తీరులోనే రాశాను. కెర్నెల్ సోర్స్‌తో పరిచయం ఉన్నవారు వాటిని సులువుగానే పోల్చుకోగలరు.

సెషన్ ఒకటే, పద్దులు నాలుగు

కోడ్ తెరవడానికి ముందు సెషన్ అంటే ఏమిటో స్పష్టం చేసుకోవాలి. లింకు పైకి లేవగానే హెచ్‌బీఏ (సర్వర్‌లోని ఫైబర్ ఛానెల్) కార్డు ఫ్యాబ్రిక్‌కు, అంటే స్విచ్‌ల నెట్‌వర్క్‌కు, ఫ్లోగీ (ఫ్యాబ్రిక్ లాగిన్) పంపి, 24 బిట్ల పోర్ట్ ఐడీ సంపాదించుకుంటుంది. తరువాత నేమ్ సర్వర్‌కు (ఫ్యాబ్రిక్‌లోని పోర్టుల జాబితా ఉంచే సేవకు) లాగిన్ అయి, మార్పులు జరిగినప్పుడు తనకు కబురు పెట్టమని ఫ్యాబ్రిక్ కంట్రోలర్ దగ్గర నమోదు చేసుకుంటుంది. ఆ కబురునే ఆర్ఎస్‌సీఎన్ అంటారు. ఆపై నేమ్ సర్వర్ ఇచ్చిన జాబితాలోని ఒక్కొక్క టార్గెట్‌కు ప్లోగీ (పోర్ట్ లాగిన్), దాని వెనుక ప్రిలీ (ప్రాసెస్ లాగిన్) పంపుతుంది. ఈ రెండూ నెగ్గితేనే స్కజీ కమాండ్లు, అంటే డిస్కును చదివే, రాసే ఆదేశాలు, వెళ్లడానికి దారి ఏర్పడుతుంది. లోగో (లాగౌట్) వస్తే సెషన్ పోయినట్టు. సెషన్ ఇంకా ఉందో లేదో తెలుసుకోవాలంటే అడిస్క్ (చిరునామా సరిచూసే పలకరింపు) పంపవచ్చు; ప్లోగీని మళ్లీ పంపితే పాత సెషనూ, దాని మీద నడుస్తున్న కమాండ్లూ రద్దయిపోతాయి గనుక, కేవలం పలకరించడానికి ప్లోగీని వాడకూడదు.

ఈ ఒక్క సెషన్‌కు నాలుగు చోట్ల పద్దు ఉంటుంది. మొదటిది అవతలి టార్గెట్ దగ్గర. రెండవది కార్డులోని ఫర్మ్‌వేర్ దగ్గర. అది ప్రతి లాగిన్‌కూ ఒక హ్యాండిల్ సంఖ్య కేటాయిస్తుంది, డ్రైవర్ దాన్ని లూప్ ఐడీ అంటుంది. మూడవది డ్రైవర్‌లోని ఎఫ్‌సీ_పోర్ట్ స్ట్రక్చర్. నాలుగవది కెర్నెల్ ఎఫ్‌సీ ట్రాన్స్‌పోర్ట్ పొరలోని ఆర్‌పోర్ట్ (రిమోట్ పోర్ట్). స్కజీ పొరకూ మల్టీపాత్‌కూ (దారులన్నిటినీ కలిపి నడిపే పొరకు) కనిపించేది ఇదొక్కటే. ఈ నాలుగింటినీ ఒకే క్షణంలో మార్చగల లాక్ ఏదీ లేదు, ఉండే అవకాశమూ లేదు, ఎందుకంటే వాటిలో ఒకటి ఫైబర్ అవతలి కొసన, మరొకటి కార్డు లోపల ఉంది. కాబట్టి కాసేపు పద్దులు కుదరకపోవడం లోపం కాదు, సహజం. కుదరని స్థితి నుంచి కుదిరే స్థితికి డ్రైవర్ తనంతట తాను చేరలేకపోవడమే బగ్. ఈ వాక్యాన్ని మనసులో ఉంచుకుని చదివితే కింది అడుగులన్నీ ఒకే తీగకు అల్లుకుంటాయి.

మొదటి అడుగు: ఏ పద్దు తప్పిందో తేల్చడం

సమస్య నడుస్తున్న సర్వర్ మీదే, రీబూట్ చేయకముందే, నాలుగు పద్దులనూ కాగితం మీద పక్కపక్కన రాసుకోవాలి. సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నెల్ స్థితిని ఫైళ్లుగా చూపే చోట) ఎఫ్‌సీ_రిమోట్_పోర్ట్స్ కింద ప్రతి ఆర్‌పోర్ట్‌కూ పోర్ట్ నేమ్, పోర్ట్ ఐడీ, పోర్ట్ స్టేట్, రోల్స్ కనిపిస్తాయి. స్టేట్ ఆన్‌లైన్ అయితే ట్రాన్స్‌పోర్ట్ దృష్టిలో సెషన్ ఉన్నట్టు. బ్లాక్డ్ అయితే పోయింది గానీ తిరిగివస్తుందని ఎదురుచూస్తున్నట్టు. నాట్ ప్రెజెంట్ అయితే ఎదురుచూపు గడువు కూడా దాటినట్టు. ఆ గడువే డెవ్_లాస్_టీఎంఓ. ట్రాన్స్‌పోర్ట్ పొరలో దాని డిఫాల్ట్ 60 సెకన్లు, అయితే డ్రైవరూ మల్టీపాత్‌డీ కూడా దాన్ని మార్చగలవు కాబట్టి ఊహించకుండా ఉన్న విలువను చదివి రాసుకోవాలి.

అవతలి పక్క సంగతి స్విచ్‌లో తెలుస్తుంది. బ్రోకేడ్‌లో ఎన్ఎస్‌షో, సిస్కో ఎండీఎస్‌లో ఎఫ్‌సీఎన్ఎస్ డేటాబేస్‌ను చూపే కమాండ్ నేమ్ సర్వర్ జాబితాను ఇస్తాయి. ఇక్కడ డబ్ల్యూడబ్ల్యూపీఎన్‌తో (పోర్టుకు శాశ్వతంగా ఉండే పేరుతో) పాటు పోర్ట్ ఐడీని కూడా పోల్చాలి. డబ్ల్యూడబ్ల్యూపీఎన్ ఒకటే ఉండి పోర్ట్ ఐడీ మారితే, డ్రైవర్ పాత చిరునామాకే లాగిన్ పంపుతూ ఉండవచ్చు. ఇక టార్గెట్ వైపు లాగిన్ జాబితాలో మన సర్వర్ ఉందో లేదో స్టోరేజ్ బృందాన్ని అడగాలి. "అంతా బాగుంది" అనే జవాబుతో తృప్తి పడకుండా జాబితానే తెప్పించుకోవాలి.

ఈ దశలోనే కేబుల్‌ను, ఎస్‌ఎఫ్‌పీని (కేబుల్ గుచ్చే ఆప్టికల్ మాడ్యూల్‌ను) అనుమానితుల జాబితా నుంచి తీసేయాలి. ఎఫ్‌సీ_హోస్ట్ కింది గణాంకాల్లో లింక్ ఫెయిల్యూర్, లాస్ ఆఫ్ సింక్, ఇన్‌వ్యాలిడ్ సీఆర్‌సీ లెక్కలను పది నిమిషాల తేడాతో రెండుసార్లు చదవండి. అవి పెరుగుతూ ఉంటే ముందు ఎస్‌ఎఫ్‌పీ మార్చి చూడండి. డ్రైవర్ కోడ్‌లో నెల రోజులు వెతికి, చివరికి కనెక్టర్ మీది దుమ్ము దగ్గర తేలిన సందర్భాలు నాకు తెలుసు.

రెండవ అడుగు: కాలక్రమం కట్టడం

సెషన్ బగ్‌ను అర్థం చేసుకోవడానికి స్టాక్ ట్రేస్ కంటే కాలక్రమం ఎక్కువ ఉపయోగపడుతుంది. డ్రైవర్ మాడ్యూల్‌కు ఎక్స్‌టెండెడ్ ఎర్రర్ లాగింగ్ అనే పారామీటర్ ఉంది. దానికి 1 ఇస్తే లాగిన్, డిస్కవరీ, తొలగింపు సందేశాలతో సహా ముఖ్యమైనవన్నీ కెర్నెల్ లాగ్‌లోకి వస్తాయి. ప్రతి సందేశానికీ ఒక సంఖ్య ఉంటుంది కాబట్టి సోర్స్‌లో ఆ చోటును నేరుగా వెతుక్కోవచ్చు. ఒక డబ్ల్యూడబ్ల్యూపీఎన్‌కు చెందిన వరుసలను మాత్రమే వడగట్టి, వాటి పక్కన స్విచ్ లాగ్‌లోని సమయాలు పెట్టండి. రెండు గడియారాలకూ తేడా ఉంటుంది, ముందు ఆ తేడాను కొలవండి.

ఒక హెచ్చరిక. సీరియల్ కన్సోల్ తగిలించి ఉన్న యంత్రంలో ఈ లాగింగ్ పెట్టగానే ప్రతి సందేశమూ దారిని నెమ్మది చేస్తుంది, దాంతో పోటీ పడుతున్న రెండు దారాల (థ్రెడ్‌ల) సమయాలు మారిపోయి బగ్ కనబడకుండా పోతుంది. అటువంటప్పుడు కన్సోల్ లాగ్ స్థాయిని తగ్గించాలి, లేదా అనుమానం ఉన్న ఫంక్షన్లకు మాత్రమే ఎఫ్‌ట్రేస్ (కెర్నెల్‌లోని జాడల సాధనం) పెట్టి, జాడలను మెమరీలోని బఫర్‌లో దాచి, తరువాత తీసి చదువుకోవాలి.

మూడవ అడుగు: బగ్‌ను మన ఇష్టప్రకారం రప్పించడం

ఉత్పత్తి సర్వర్ మీద ప్రయోగాలు చేయలేము కాబట్టి చిన్న ప్రయోగశాల కావాలి. రెండు యంత్రాలు, చెరొక కార్డు, మధ్యలో వీలైతే ఒక పాత స్విచ్ ఉంటే సరిపోతుంది. ఒక యంత్రాన్ని కెర్నెల్‌లోనే ఉన్న ఎల్‌ఐఓ అనే టార్గెట్ సాఫ్ట్‌వేర్ ద్వారా టార్గెట్‌గా మార్చవచ్చు. దానికి టీసీఎం_క్యూఎల్ఏ2ఎక్స్‌ఎక్స్‌ఎక్స్ మాడ్యూల్ కావాలి. స్విచ్ లేకుండా నేరుగా కలిపితే నేమ్ సర్వరూ ఆర్ఎస్‌సీఎన్‌లూ ఉండవు గనుక, ఆర్ఎస్‌సీఎన్‌తో ముడిపడిన బగ్‌లు అక్కడ రావు. ఆ సంగతి తెలియక "మా దగ్గర రావడం లేదు" అని చేతులెత్తేయకూడదు.

పరీక్షించే కెర్నెల్‌ను కాసాన్, లాక్‌డెప్ (లాక్‌ల వాడకంలో తప్పులు పట్టేది), వర్క్ ఆబ్జెక్టుల తనిఖీ పెట్టి కట్టండి. విడుదలైన మెమరీని ముట్టుకున్న క్షణంలోనే కాసాన్ పట్టిస్తుంది. అది లేకపోతే ఆ తప్పు గంట తరువాత, ఏ సంబంధమూ లేని మాడ్యూల్‌లో క్రాష్‌గా బయటపడుతుంది.

పోర్టును ఆపి లేపే స్క్రిప్టు రాసేటప్పుడు ఆపి ఉంచే సమయమే కీలకం. ఫాస్ట్_ఐఓ_ఫెయిల్ గడువు (పెండింగ్‌లో ఉన్న కమాండ్లను విఫలమైనట్టు తిప్పి పంపే గడువు) కంటే తక్కువ, ఆ గడువుకూ డెవ్_లాస్ గడువుకూ మధ్య, డెవ్_లాస్ దాటిన తరువాత: ఈ మూడు అంతరాల్లో కోడ్ నడిచే దారులు వేరు. వీటన్నిటికంటే బగ్‌లను ఎక్కువగా బయటికి లాగేది నాలుగవది, సరిగ్గా గడువు ముగిసే క్షణానికి అటూఇటూ పోర్టును లేపడం. గడువును పది సెకన్లకు తగ్గించి, 9.8 సెకన్ల నుంచి 10.2 సెకన్ల వరకూ చిన్న చిన్న అడుగులతో మారుస్తూ, రాత్రంతా నడపండి. నడుస్తున్నంతసేపూ ఎఫ్‌ఐఓను (డిస్కుకు పని పెట్టే పరీక్షా సాధనాన్ని) వెరిఫై మోడ్‌లో ఉంచాలి. దారి తిరిగిరావడం ఎంత ముఖ్యమో, రాసిన డేటా రాసినట్టే ఉండడం అంతకంటే ముఖ్యం.

ఇంకా పట్టుబడకపోతే కిటికీని, అంటే రెండు పనులు ఢీకొనే వ్యవధిని, వెడల్పు చేయాలి. అనుమానం ఉన్న రెండు వరుసల మధ్య, ఆ చోటు నిద్రకు అనుమతి ఉన్న ప్రాసెస్ సందర్భమైతే, రెండు సెకన్ల ఎంస్లీప్ (కోడ్‌ను కాసేపు నిద్రపుచ్చే ఫంక్షన్) పెట్టి మళ్లీ నడపండి. నెలకొకసారి వచ్చే బగ్ ప్రతిసారీ వస్తే మీ ఊహ సరైనదే. ఇది కేవలం రోగనిర్ధారణ. ఇదే ఎంస్లీప్‌ను మరో చోట పెట్టి దాన్నే మందు అనుకునేవారి గురించి తరువాత చెబుతాను.

నాలుగవ అడుగు: స్టేట్ మెషీన్‌ను చదవడం

2017లో వచ్చిన 4.11 కెర్నెల్ వరకూ ఈ డ్రైవర్‌లో ఇనీషియేటర్‌కు ఒక స్ట్రక్చరూ, టార్గెట్ సెషన్‌కు మరొకటీ ఉండేవి. ఆ విడుదలలో రెండింటినీ ఎఫ్‌సీ_పోర్ట్‌గా కలిపారు. కొత్త మార్పులను పాత కెర్నెల్‌కు బ్యాక్‌పోర్ట్ చేసేవారు ఈ సరిహద్దును గుర్తుంచుకోవాలి.

ఎఫ్‌సీ_పోర్ట్‌లో మీరు చూడవలసిన మొదటి ఫీల్డు డిస్క్_స్టేట్. తొలగిపోయినది, పేరు అడుగుతున్నది, ఫర్మ్‌వేర్ జాబితా తెప్పిస్తున్నది, లాగిన్ జవాబు కోసం ఆగినది, లాగిన్ విఫలమైనది, పోర్ట్ డేటాబేస్ చదువుతున్నది, పై పొరకు నివేదిస్తున్నది, లాగిన్ పూర్తయినది, అడిస్క్ పంపినది, తొలగింపు కోసం ఆగినది అనే దశలన్నీ దానిలోనే ఉంటాయి. దానికి తోడు ఫర్మ్‌వేర్ లాగిన్ స్టేట్ అనే మరో ఫీల్డు, స్టేట్ అనే అటామిక్ ఒకటి, డిలీటెడ్ అనే జెండా ఒకటి ఉన్నాయి. ఒకే సెషన్‌కు ఇన్ని స్థితి సూచికలు ఉండడం అందమైన డిజైన్ అని నేననను. ఏళ్ల తరబడి ఒక్కొక్క అవసరానికి ఒక్కొక్కటి చేరి అలా తయారైంది. అందుకే చదివేవారు ముందుగా ఒక పట్టిక గీసుకోవాలి: ప్రతి ఫీల్డునూ ఏ ఫంక్షన్ మారుస్తుంది, ఏ సందర్భంలో మారుస్తుంది, ఏ లాక్ పట్టుకుని మారుస్తుంది.

సందర్భాలు ప్రధానంగా ఐదు. ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో ఆర్ఎస్‌సీఎన్‌లూ లాగిన్ జవాబులూ దిగుతాయి. డీపీసీ అనే డ్రైవర్ సొంత థ్రెడ్ రీలాగిన్ ప్రయత్నాలు చేస్తుంది. సెషన్ తొలగింపు వర్క్‌క్యూలో నడుస్తుంది. డెవ్_లాస్ ముగిసినప్పుడు ట్రాన్స్‌పోర్ట్ పొర తన సొంత వర్క్ నుంచి డ్రైవర్ కాల్‌బ్యాక్‌ను పిలుస్తుంది. చివరిది సిస్‌ఎఫ్‌ఎస్ ద్వారా మనిషి చేసే జోక్యం, మాడ్యూల్ తీసివేత. మీ పట్టికలో ఒకే ఫీల్డును రెండు సందర్భాలు ఉమ్మడి లాక్ లేకుండా మారుస్తున్నట్టు కనిపిస్తే అక్కడ ఎర్ర గీత గీయండి.

ఐదవ అడుగు: లోపం జాతిని బట్టి చికిత్స

నేను చూసిన సెషన్ లోపాలు కొన్ని జాతులుగా విడిపోతాయి. వాటిలో రెండింటిని దగ్గరగా చూద్దాం.

మొదటి జాతి, పాతబడిన జవాబు. డ్రైవర్ ప్లోగీ పంపింది. ఈ రకం అభ్యర్థనలకు ఆర్_ఏ_టీఓవీ అనే ఫ్యాబ్రిక్ గడువుకు రెట్టింపు సమయం ఇస్తారు. ఆ విలువ మామూలుగా 10 సెకన్లు కాబట్టి జవాబు కోసం 20 సెకన్ల వరకూ ఎదురుచూడవచ్చు. అంతసేపట్లో ప్రపంచం మారిపోవచ్చు. టార్గెట్ పోర్టు మరో స్విచ్‌కు మారి ఆర్ఎస్‌సీఎన్ రావచ్చు, లేదా అవతలి వైపే మనకు ప్లోగీ పంపి కొత్త సెషన్ తెరిచి ఉండవచ్చు. ఆ తరువాత పాత ప్లోగీకి "విజయం" అనే జవాబు వస్తుంది. దాన్ని నమ్మి డ్రైవర్ ముందుకు వెళ్తే, లేని సెషన్‌ను ఉన్నట్టుగా పై పొరకు నివేదిస్తుంది.

దీనికి సరైన చికిత్స తరం సంఖ్య. ఎఫ్‌సీ_పోర్ట్‌లో ఆర్ఎస్‌సీఎన్_జెన్, లాగిన్_జెన్ అనే రెండు లెక్కలు ఉంటాయి. ఈ పోర్టుకు వర్తించే ఆర్ఎస్‌సీఎన్ వచ్చినప్పుడల్లా మొదటిది, లాగిన్ స్థితి మారినప్పుడల్లా రెండవది పెరుగుతుంది. అభ్యర్థన పంపేటప్పుడే అప్పటి విలువలను ఆ అభ్యర్థన వెంట, అంటే ఎస్‌ఆర్‌బీ (డ్రైవర్‌లో ఒక్కొక్క అభ్యర్థనకు ఉండే స్ట్రక్చర్) లోని జెన్1, జెన్2 ఫీల్డుల్లో రాసి పంపుతారు. జవాబు వచ్చాక వాటిని ప్రస్తుత విలువలతో పోలుస్తారు. లాగిన్_జెన్ మారి ఉంటే మరెవరో సెషన్‌ను తమ చేతిలోకి తీసుకున్నట్టే కాబట్టి ఈ జవాబును వదిలేయాలి. ఆర్ఎస్‌సీఎన్_జెన్ మారి ఉంటే సమాచారం పాతబడింది కాబట్టి డిస్కవరీని మళ్లీ మొదలుపెట్టాలి. మీరు కొత్త అసింక్రోనస్ కమాండ్ ఏది చేర్చినా ఈ రెండు విలువలను పంపే ముందే నింపాలి. కమాండ్‌ను క్యూలో పెట్టిన తరువాత నింపితే, ఆ రెండు వరుసల మధ్యలో వచ్చిన ఆర్ఎస్‌సీఎన్ లెక్కలోకి రాకుండా జారిపోతుంది. నేను సమీక్షించిన ప్యాచ్‌లలో ఈ క్రమం తలకిందులైనవి ఒకటికి మించి ఉన్నాయి.

రెండవ జాతి, పోయిన కోరిక. ఇది మొదట్లో చెప్పిన రాని దారికి దగ్గరి చుట్టం. లాగిన్, ప్రిలీ పూర్తయ్యాక డ్రైవర్ "పై పొరకు నివేదిస్తున్నది" అనే దశలోకి వెళ్లి ఎఫ్‌సీ_రిమోట్_పోర్ట్_యాడ్‌ను పిలుస్తుంది. ఈ ఫంక్షన్ మొదట ఆ హోస్ట్‌కు చెందిన పాత తొలగింపు పనులు ముగిసేవరకూ ఆగుతుంది, కాబట్టి అది ఎంతసేపు తీసుకుంటుందో డ్రైవర్ చేతిలో ఉండదు. సరిగ్గా అప్పుడే కంట్రోలర్ తన రీస్టార్ట్‌లో రెండో దశకు వెళ్లి పోర్టును మళ్లీ ఒకసారి దించిందనుకుందాం. ఆర్ఎస్‌సీఎన్ వస్తుంది, సెషన్‌ను తొలగించమని కోరిక పుడుతుంది. నివేదిక మధ్యలో ఉన్న సెషన్‌ను తొలగించడం ప్రమాదం గనుక, తొలగింపు ఫంక్షన్ ఆ దశను చూసి ఏమీ చేయకుండా వెనుదిరుగుతుంది. అలా వెనుదిరగడం సరైనదే. తరువాత ఎవరు గుర్తుచేస్తారన్నదే ప్రశ్న. ఎవరూ గుర్తుచేయకపోతే నివేదిక ముగుస్తుంది, దశ "లాగిన్ పూర్తయినది" అవుతుంది, ఆర్‌పోర్ట్ ఆన్‌లైన్ అని చూపిస్తుంది, అవతలి టార్గెట్‌కు మాత్రం మనమెవరో తెలియదు. టార్గెట్ లోగో పంపి గుర్తుచేస్తే తప్ప, ఆ దారి మీద వెళ్లిన కమాండ్లు జవాబు లేకుండా 30 సెకన్ల స్కజీ టైమౌట్ దాకా ఆగి, ఎర్రర్ హ్యాండ్లర్ చేతిలో పడతాయి.

డ్రైవర్‌లో ఇప్పుడున్న పరిష్కారం చాలా సరళమైనది: వెనుదిరిగే ముందు నెక్స్ట్_డిస్క్_స్టేట్ అనే ఫీల్డులో "తొలగింపు" అని చీటీ రాసి పెట్టడం. నివేదిక పనిని నడిపే ఫంక్షన్ మొదలయ్యేటప్పుడు ఆర్ఎస్‌సీఎన్_జెన్‌ను ఒక లోకల్ చరరాశిలో దాచుకుని, ముగిశాక పోల్చి చూసి, మారి ఉంటే చీటీలో ఉన్న ప్రకారం తొలగింపునో అడిస్క్‌నో మొదలుపెడుతుంది. మీ డ్రైవర్‌లో ఇటువంటి మార్పు చేసేటప్పుడు మరొక ప్రశ్న వేసుకోండి: చీటీని ఏ షరతు మీద తెరిచి చూస్తున్నాం? ఆర్ఎస్‌సీఎన్ వచ్చినప్పుడే చూస్తే, ఆర్ఎస్‌సీఎన్ లేకుండా నేరుగా వచ్చిన లోగో రాసిన చీటీ సంగతేమిటి? నివేదిక మొదలయ్యే ముందు పాత చీటీని చెరిపేస్తున్నామా? ఈ రెండింటికీ జవాబు కోడ్‌లో వేలు పెట్టి చూపించగలగాలి.

మిగిలిన జాతులను క్లుప్తంగా చెబుతాను. ఒకే సెషన్‌ను ఇద్దరు తొలగించబోవడం వాటిలో ఒకటి. డిలీటెడ్ జెండాను చూడడమూ మార్చడమూ వర్క్_లాక్ కింద ఒకే ముక్కగా జరిగితే రెండోవారు మర్యాదగా తప్పుకుంటారు. చూడడం లాక్ బయట, మార్చడం లోపల ఉంటే లాక్ ఉన్నా లేనట్టే. మరొకటి గుర్తింపు తికమక: పాత పోర్ట్ ఐడీ కొత్త పోర్టుకు దక్కినప్పుడు ఫర్మ్‌వేర్ ఆ పోర్ట్ ఐడీనో లూప్ ఐడీనో ఇప్పటికే వాడుకలో ఉందని జవాబిస్తుంది. అప్పుడు ఆ ఐడీని పట్టుకుని ఉన్న పాత సెషన్‌ను వెతికి దాన్ని ముందుగా తొలగించాలి. మనిషిని పేరుతో గుర్తుపట్టాలి, ఇంటి నంబరుతో కాదు. అలాగే సెషన్‌కు శాశ్వత గుర్తు డబ్ల్యూడబ్ల్యూపీఎన్ మాత్రమే.

ఆర్‌పోర్ట్ పాయింటర్ విషయం కొంచెం వివరంగా చెప్పాలి. డెవ్_లాస్ ముగిసినప్పుడు పిలిచే కాల్‌బ్యాక్‌లో డ్రైవర్ తన దగ్గరున్న ఆర్‌పోర్ట్ పాయింటర్‌ను చెరిపేస్తుంది. కానీ గడువు ముగిసిన క్షణానికీ కాల్‌బ్యాక్ నడిచే క్షణానికీ మధ్య పోర్టు తిరిగివచ్చి ఉండవచ్చు. అందుకే అక్కడ హోస్ట్ లాక్ పట్టుకుని, ఆర్‌పోర్ట్ స్థితి ఆన్‌లైన్ కాదని నిర్ధారించుకున్న తరువాతే చెరపాలి. క్యూఎల్ఏ2ఎక్స్‌ఎక్స్‌ఎక్స్‌లో ఈ తనిఖీ ఉంది. అది లేని డ్రైవర్‌లో మూడవ అడుగులోని 9.8 సెకన్ల పరీక్ష కొద్దిసేపట్లోనే క్రాష్ చూపిస్తుంది. ఇంకొక జాగ్రత్త: ఆర్‌పోర్ట్‌ను చేర్చే, తొలగించే ఫంక్షన్లను ఏ లాక్ పట్టుకునీ పిలవకూడదని ట్రాన్స్‌పోర్ట్ సోర్స్‌లోనే రాసి ఉంది. లాక్‌డెప్ అరిచేదాకా ఆగకుండా పిలిచే ప్రతి చోటునూ కళ్లతో చూసి తేల్చుకోండి.

మందు కాని మందులు

ఒక పాత ఉద్యోగంలో, కమాండ్ పంపే దారిలో శూన్య పాయింటర్ వల్ల క్రాష్ అవుతోందని నేనే ఒక తనిఖీ చేర్చాను: పాయింటర్ శూన్యమైతే కమాండ్‌ను వెనక్కి పంపి మళ్లీ ప్రయత్నించమని చెప్పడం. క్రాష్‌లు ఆగిపోయాయి, ప్యాచ్‌కు మెచ్చుకోలు కూడా దక్కింది. కొన్ని వారాల తరువాత ఒక సర్వర్‌లో కమాండ్లు వెనక్కి వచ్చి, మళ్లీ వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి, గంటల తరబడి అదే గుండ్రంగా తిరిగాయి. క్రాష్ అయి ఉంటే కనీసం డంప్ చేతికి వచ్చేది, మల్టీపాత్ మరో దారికి మారేది. పాయింటర్ ఎందుకు శూన్యమైందో తేల్చకుండా పెట్టిన తనిఖీ, బగ్‌ను కనబడని చోటికి నెట్టింది. శూన్య తనిఖీ అసలు వద్దని కాదు. ప్రస్తుత డ్రైవర్ కూడా తొలగిపోతున్న సెషన్ మీదికి వచ్చిన కమాండ్‌ను మళ్లీ ప్రయత్నించమనే తిప్పి పంపుతుంది. అయితే అక్కడ ఆ స్థితి తాత్కాలికమని, కొంత గడువులో ఆర్‌పోర్ట్ బ్లాక్డ్‌లోకి వెళ్తుందని హామీ ఉంది. నా ప్యాచ్‌లో ఆ హామీ లేదు.

తొలగింపుకు ముందు ఎంస్లీప్ పెట్టడం, రీలాగిన్ ప్రయత్నాల సంఖ్య పెంచడం కూడా ఇదే కోవలోకి వస్తాయి. వేగవంతమైన కొత్త స్విచ్ వచ్చిన రోజున ఆ లెక్కలన్నీ తప్పుతాయి.

ఆరవ అడుగు: నిరూపించి పంపడం

సరిచేసిన కోడ్‌ను, కిటికీని వెడల్పు చేసిన ఎంస్లీప్‌ను అలాగే ఉంచి ముందు పరీక్షించండి. ఆ విశాలమైన కిటికీలో కూడా దారి తిరిగివస్తే, తరువాత ఎంస్లీప్ తీసేసి, పోర్టును ఆపి లేపే స్క్రిప్టును రాత్రంతా నడపండి. ప్రతి చుట్టు చివరా నాలుగు పద్దులూ కుదిరాయో లేదో స్క్రిప్టే చూడాలి. ఆఖరున మాడ్యూల్‌ను తీసివేసి చూడండి. ఎక్కడైనా ఒక ఎస్‌ఆర్‌బీనో సెషన్‌నో లెక్కలో మిగిలిపోతే తీసివేత కదలకుండా నిలిచిపోతుంది, 120 సెకన్ల తరువాత హంగ్ టాస్క్ హెచ్చరిక వస్తుంది. మాడ్యూల్‌ను ఎవరూ తీయరు కదా అని ఈ పరీక్షను వదిలేస్తే, లీక్‌ను పట్టించే అత్యంత చౌకైన సాధనాన్ని వదులుకున్నట్టే.

ప్యాచ్ వివరణలో రెండు దారాల కాలక్రమాన్ని పక్కపక్కన రెండు నిలువు వరుసలుగా రాయండి; సమీక్షకుడికి కోడ్ కంటే ముందు అదే అర్థం కావాలి. లోపాన్ని తెచ్చిన పాత కమిట్‌ను కనుక్కుని, దాని హాష్‌లోని మొదటి 12 అక్షరాలతో ఫిక్సెస్ వరుస చేర్చి, స్టేబుల్ కెర్నెళ్లకూ పంపమని సూచించండి. కంపెనీ డిస్ట్రిబ్యూషన్‌లోని పాత కెర్నెల్‌కు బ్యాక్‌పోర్ట్ చేస్తున్నట్లయితే, కొత్త ఫీల్డు చేర్చడం వల్ల స్ట్రక్చర్ అమరిక మారి, బయటి మాడ్యూళ్లు ఏవైనా దెబ్బతింటాయేమో చూడాలి.

ఇక సర్వర్ మీద పెట్టేటప్పుడు మరొకటి. బూట్ డిస్కు కూడా స్టోరేజ్ నెట్‌వర్క్ మీదే ఉన్న యంత్రంలో ఈ డ్రైవర్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో వాడే చిన్న ఫైల్‌సిస్టమ్ ఇమేజ్) నుంచే లోడ్ అవుతుంది. మాడ్యూల్ ఫైల్‌ను మార్చి, డ్రాకట్‌తో ఆ ఇమేజ్‌ను మళ్లీ కట్టకపోతే, రీబూట్ తరువాత కూడా నడిచేది పాత డ్రైవరే. సిస్‌ఎఫ్‌ఎస్‌లో మాడ్యూల్ కింద ఉన్న ఎస్‌ఆర్‌సీవర్షన్ విలువను, కొత్త మాడ్యూల్‌కు మోడ్‌ఇన్ఫో చూపే విలువతో పోల్చిన తరువాతే స్టోరేజ్ బృందానికి ఫోన్ చేసి కంట్రోలర్‌ను రీస్టార్ట్ చేయమని చెప్పండి. ఈ పోలిక చూడకుండా నేను రెండు రోజులు పాత డ్రైవర్‌నే పరీక్షించి, నా ప్యాచ్ పనిచేయడం లేదని మధనపడ్డాను.